పచ్చగా ఉంటే సరిపోతుందా? ప్రపంచ ఎకోసిస్టమ్‌ల మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ రివ్యూలో అమెజాన్ అడవికి ఫస్ట్ ర్యాంక్ రాదు. తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి, కాకపోతే వీడియో మొత్తం చూశాక తిట్టండి. ప్రపంచంలో ఉన్న పెద్ద పెద్ద ఎకోసిస్టమ్‌లు, అదే మనం పుస్తకాల్లో ఆవరణ వ్యవస్థలు అని చదువుకున్నామే, వాటికి మార్కులు వేద్దాం. అందానికి మార్కుల్లేవు. నేను చూసేవి రెండే. పోషకాలను ఎక్కడ దాచుకుంది? దెబ్బ తగిలితే తేరుకోగలదా?

సరే, ముందు వర్షారణ్యం. అమెజాన్, కాంగో, బోర్నియో. అంత దట్టంగా అడవి పెరిగిందంటే కింద మట్టి ఎంత సారవంతమో అనుకుంటాం కదా, చాలాచోట్ల ఆ మట్టిలో ఏమీ ఉండదు. విడవకుండా కురిసే వానలకు పోషకాలు ఎప్పుడో కొట్టుకుపోయాయి, మిగిలిన సరుకంతా కాండాల్లో, కొమ్మల్లో, ఆకుల్లోనే ఉంటుంది. ఒక ఆకు రాలిందనుకోండి, ఆ వేడికీ తేమకీ త్వరగా కుళ్లిపోతుంది, అందులోని పోషకాలు మట్టిలోకి ఇంకేలోపే శిలీంధ్రాలూ, పైపైనే అల్లుకున్న వేర్లూ కలిసి లాగేసుకుంటాయి. అందుకే అడవిని కొట్టి కాల్చి పంట వేస్తే కొన్నేళ్లు ఆ బూడిద బలంతో పండుతుంది, ఆ తర్వాత నేల చేతులెత్తేస్తుంది. పైన పటారం, లోన లొటారం. జీవవైవిధ్యానికైతే పదికి పది ఇచ్చేవాణ్ణే, కానీ అది నా లెక్కలో లేదు, తేరుకోవడంలో మాత్రం మూడే.

అన్నట్టు, అమెజాన్ పోగొట్టుకునే ఫాస్ఫరస్‌లో కొంత ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? సహారా నుంచి! చాద్ దేశంలో బొడెలే అని ఒక ఎండిపోయిన పాత సరస్సు అడుగు ఉంది, అక్కడ లేచిన దుమ్ము గాలికి అట్లాంటిక్ దాటి వచ్చి అడవి మీద పడుతుంది. నాసా శాస్త్రవేత్తలు ఉపగ్రహాల సమాచారంతో లెక్కేస్తే సహారా దుమ్ముతో అమెజాన్‌కు చేరే ఫాస్ఫరస్ ఏడాదికి సుమారు 22 వేల టన్నులని తేలింది. ఇంకెవరైనా ఎడారి వేస్ట్ అంటే ఈ ముక్క చెప్పండి.

ఎడారి అంటే వేడి అనుకోవడం కూడా తప్పే. ఏడాదికి సుమారు 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడితే చాలు, ఎడారే. ఆ లెక్కన ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద ఎడారి అంటార్కిటికా. నమీబ్ ఎడారిలో ఒక నల్ల పురుగు ఉంటుంది, పొగమంచు వచ్చే వేళకు ఇసుక దిబ్బ ఎక్కి తల కిందికి, వెనకభాగం పైకి పెట్టి గాలికి ఎదురుగా నిలబడుతుంది, వీపు మీద పట్టిన తేమ చుక్కలుగా మారి జారుతూ నేరుగా నోట్లోకి వచ్చేస్తుంది. ఎడారికి నా దగ్గర ఏడు.

ఇప్పుడు నా విన్నర్, గడ్డి మైదానాలు. ఫొటోలో పెడితే ఒక్కరూ లైక్ కొట్టరు, అక్కడే మోసపోతాం. ఉత్తర అమెరికా ప్రెయిరీల్లో కొన్ని రకాల గడ్డి వేర్లు 2, 3 మీటర్ల లోతుకు దిగుతాయి, అంటే అసలు మొక్క కింద ఉంది, మనకు కనబడేది దాని జుట్టు మాత్రమే. ఏటా కొన్ని వేర్లు చచ్చి మెల్లగా కుళ్లి మట్టిలో కలుస్తాయి, అలా వేల ఏళ్లు జరిగితేనే ఉక్రెయిన్‌లో ఉన్నలాంటి నల్లమట్టి తయారవుతుంది. పైగా గడ్డి చిగురు వేసేది నేలకు ఆనుకుని ఉన్న మొదలు దగ్గర. పశువులు మేసినా, నిప్పు అంటుకున్నా మళ్లీ లేస్తుంది. మంటకు ఇది భయపడదు, దీని శత్రువు నాగలి. 1930లలో అమెరికాలో ఆ గడ్డిని దున్నేసిన పొలాలకు కరువు తోడైతే పైమట్టి మేఘాల్లా లేచిపోయింది, డస్ట్ బౌల్ అన్నది దాన్నే. అయినా తొమ్మిది.

ఆకురాల్చే సమశీతోష్ణ అడవులు బాగానే ఉంటాయి, కొత్తగా చెప్పడానికేం లేదు, ఏడు. టైగా, అంటే కెనడా, రష్యాల్లో పరుచుకున్న సూదిమొన ఆకుల అడవి, నేల మీద అన్నిటికంటే పెద్ద అడవి పట్టీ, దానికీ ఏడే. దానికి ఉత్తరాన ఉండే టండ్రా, అంటే చెట్లు పెరగని చలి నేల, దాని దగ్గర మాత్రం నాకు టెన్షన్. ఆ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేలలో దాదాపు 1,500 బిలియన్ టన్నుల కార్బన్ ఉందని అంచనా, ఇప్పుడు గాలిలో ఉన్నదానికి ఇది సుమారు రెట్టింపు. ఆ ఫ్రీజర్ కరగడం మొదలైంది. మార్కులు వేయడానికి చెయ్యి రావట్లేదు.

సముద్రం సంగతి చూస్తే, పగడపు దిబ్బలు సముద్రపు అడుగులో 1 శాతం కూడా లేవు కానీ సముద్ర జీవజాతుల్లో సుమారు పావు వంతుకు వాటితో పని ఉంది. పగడంలో ఉండే నాచే దానికి తిండి పెట్టేది, నీరు మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ నాచును పగడం బయటకు గెంటేస్తుంది, తెల్లబడుతుంది, అలాగే సాగితే ఆకలితో చస్తుంది. తేరుకోవడంలో రెండు. నడిసముద్రం ఖాళీ నీళ్లలా కనిపిస్తుంది కానీ కంటికి కనపడని వృక్ష ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే మొక్కల్లాంటి సూక్ష్మజీవులు, భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం చేస్తాయి. ఎనిమిది.

ఆఖరిగా, రూల్‌బుక్ చింపేసిన ఎకోసిస్టమ్. 1977లో పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతుకు ఆల్విన్ అనే జలాంతర్గామి వెళ్తే, సూర్యకాంతి అస్సలు చేరని చోట వేడినీటి బుగ్గల చుట్టూ జీవులు గుంపులు గుంపులుగా కనిపించాయి. అక్కడి గొట్టపు పురుగుకు పెద్దయ్యాక నోరు లేదు, పేగు లేదు! ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి శక్తి తీసి వండి పెడుతుంది. బుగ్గ ఆగిపోతే ఊరంతా ఖాళీ, అందుకే ఎనిమిదితో ఆపుతున్నా.

నదులు, సరస్సులు ఏవని అడుగుతారు, తెలుసు. చేప జాతుల్లో దాదాపు సగం ఆ కాస్త మంచినీళ్లలోనే ఉన్నాయి, రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, వాటికి వచ్చే వీడియో.