ఆ రోజు మీరు ఎక్కడున్నారు?

అందరికీ నమస్కారం. వేరే దేశం పౌరసత్వం తీసుకోవడం గురించి మాట్లాడతానంటే చాలు, జనం మొదట అడిగేది ఒకటే: "భాష పరీక్ష కష్టమా అండీ?" అదంటే అంత టెన్షన్. నేను చూసినంతలో మాత్రం ఎక్కువ ఫైళ్లు ఆ దేశంలో ఎన్ని రోజులు ఉన్నామన్న లెక్క దగ్గరే బోల్తా పడతాయి. భాష రాకపోతే ఆరు నెలలు కూర్చుని నేర్చుకోవచ్చు, పరీక్ష తప్పితే మళ్లీ రాయొచ్చు. కానీ మూడేళ్ల కిందట మీరు దేశంలో లేని ఇరవై రోజుల్ని ఇప్పుడు ఏ కోచింగ్ సెంటరూ తెచ్చిపెట్టలేదు. అందుకే ముందు రోజుల సంగతి చెబుతాను.

కెనడా తీసుకోండి. దరఖాస్తు తేదీకి వెనక ఐదేళ్లలో 1095 రోజులు మనిషి ఆ దేశంలో ఉండాలి. పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, రాకముందు స్టూడెంట్‌గానో వర్క్ పర్మిట్ మీదో గడిపిన రోజు అరరోజు కింద లెక్క, అదీ మొత్తం 365 రోజులు మించకుండా. నా లెక్క నేను వేసుకున్నప్పుడు 1101 వచ్చింది. ఆరు రోజులు మిగులు కదా అని సంబరపడిపోయాను. ఆ రాత్రి ఇంకేదో కోసం పాత ఈమెయిళ్లు వెతుకుతుంటే అమెరికాలో ఒక హోటల్ బుకింగ్ బయటపడింది. కారులో సరిహద్దు దాటి వెళ్లిన ప్రయాణం అది. పాస్‌పోర్టులో ముద్ర లేదు, నాకా గుర్తు లేదు. వెళ్లిన రోజు నుంచి వచ్చిన రోజు దాకా పదకొండు రోజులు. వెళ్లిన రోజూ వచ్చిన రోజూ దేశంలో ఉన్నట్టే కాబట్టి పోయింది తొమ్మిది. 1101లో తొమ్మిది తీసేస్తే 1092. మూడు రోజులు తక్కువ! ఇంకో నెల ఆగి పంపాను. మర్చిపోయాం అంటే కుదిరే పని కాదు, ఎవరు ఎప్పుడు సరిహద్దు దాటారో ఆ రెండు దేశాలూ ఒకరికొకరు చెప్పుకుంటాయి.

అమెరికా పద్ధతి వేరు. గ్రీన్ కార్డు వచ్చాక ఐదేళ్లు ఆగాలి. అమెరికా పౌరుల్ని పెళ్లాడి కలిసి ఉంటే మూడేళ్లు చాలు. ఆ ఐదేళ్లలో సగం, అంటే 30 నెలలు, అక్కడే ఉండాలి. ఇంతవరకూ అందరికీ తెలుసు. దీని పక్కనే ఇంకో షరతు ఉంది, నివాసం మధ్యలో తెగకూడదు. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి బయట ఉంటే తెగిందనే అనుకుంటారు. తెగలేదని నిరూపించుకోవాల్సింది మీరే, ఇంటి కాగితాలూ ఉద్యోగం కాగితాలూ టాక్స్ రిటర్నులూ పట్టుకుని. ఏడాది దాటితే ఆ అవకాశం కూడా దాదాపు ఉండదు. అమ్మకు ఒంట్లో బాగోలేదని వెళ్లి ఏడు నెలలు ఉండిపోయిన మనిషికి మొత్తం రోజులు పుష్కలంగా ఉన్నా చిక్కు వచ్చిపడేది ఇక్కడే. మధ్యలో ఒకసారి వచ్చి వెళ్లమని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత అనుకుంటారు.

న్యూజిలాండ్‌లో ఐదేళ్లూ ఏటా 240 రోజులు తగ్గకూడదు, మొత్తం మీద 1350 ఉండాలి. ఐర్లాండ్‌లో అయితే ఈ లెక్క కోర్టుకెక్కింది. దరఖాస్తుకు ముందు ఏడాది 'నిరంతరంగా' నివసించాలని అక్కడి చట్టం. 2019లో హైకోర్టు జడ్జి ఒకరు ఆ మాటకు నిఘంటువు అర్థమే పట్టుకున్నారు. నిరంతరం అంటే నిరంతరమే, ఒక్క రోజు దేశం దాటినా తెగినట్టే అన్నారు. అంటే ఆ ఏడాది సెలవుల్లేవు, ఆఫీసు పని మీద పక్క దేశానికి వెళ్లి రావడం కూడా లేదు. దరఖాస్తులు పెట్టుకున్నవాళ్ల గుండెల్లో రాయి పడింది. ఆ నవంబర్‌లోనే అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. 2023లో చట్టంలోనే 70 రోజులు బయట ఉండొచ్చని రాసేశారు. ఒక్క విశేషణం ఎంత పని చేసిందో చూడండి!

ఇక భాష. పరీక్ష ఎలా ఉంటుందన్నది పెట్టేవాడి ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. 1901లో ఆస్ట్రేలియా తన వలసల చట్టంలో డిక్టేషన్ పరీక్ష పెట్టింది. అధికారి ఏదో ఒక యూరప్ భాషలో యాభై పదాలు చదువుతాడు, దేశంలోకి వచ్చినవాడు దాన్ని రాయాలి. ఏ భాషన్నది అధికారి ఇష్టం. తెల్లవాళ్లు కానివాళ్లను వెనక్కి పంపడానికే దాన్ని పెట్టారు. 1934లో ఎగోన్ కిష్ అనే రచయిత వచ్చాడు, నాజీలకు బద్ధవ్యతిరేకి. ఓడ దిగనివ్వకపోతే మెల్‌బోర్న్ రేవులో పైనుంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. సిడ్నీలో ఆయనకు పరీక్ష పెట్టారు. ఆయనకేమో యూరప్ భాషలు చాలా వచ్చు. అందుకని వెతికి వెతికి స్కాటిష్ గేలిక్‌లో డిక్టేషన్ చెప్పారు! చివరికి ఆ చట్టం చెప్పే యూరప్ భాషల్లోకి గేలిక్ రాదని అక్కడి అత్యున్నత కోర్టు తేల్చింది. పరీక్ష మాత్రం 1958 దాకా బతికే ఉంది.

ఇవాళ్టి పరీక్షల్లో అంత దుర్మార్గం లేదు. యూరప్‌లో భాషకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. జర్మనీ పౌరసత్వానికి అడిగేది మూడో మెట్టు, బీ1. ఆ స్థాయి పరీక్షలో మాట్లాడే భాగం నాకు ఇష్టం. ఇద్దరు అభ్యర్థుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయమంటారు. ఆస్పత్రిలో ఉన్న స్నేహితుణ్ని చూడ్డానికి ఎప్పుడు వెళ్దాం, ఏం తీసుకెళ్దాం, నువ్వొస్తావా నేను రానా, ఇలాంటివి. వ్యాకరణం అక్కడక్కడా తప్పినా ఫరవాలేదు, సంభాషణ నడవాలి. పొరుగువాడితో మాట్లాడగలడా అని చూడ్డానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తోచలేదు. కెనడా అయితే వినడం, మాట్లాడటం వరకే చూస్తుంది, అదీ 18 నుంచి 54 ఏళ్ల వాళ్లకే.

అమెరికాలో ఇంగ్లీషు చదవడం, రాయడం పేరుకే పరీక్ష. మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదివితే చాలు, మూడింట్లో ఒకటి రాస్తే చాలు. పెద్దవాళ్లు దాంతోపాటు అడిగే అమెరికా చరిత్ర ప్రశ్నలన్నీ బట్టీపట్టి ధైర్యంగా వెళ్తారు. తడబడేది మరోచోట. దరఖాస్తులోని ప్రశ్నలనే అధికారి నోటితో అడుగుతాడు, ఎప్పుడైనా నిరంకుశ పార్టీలో సభ్యులుగా ఉన్నారా, ఎవరినైనా హింసించారా అని. మాట్లాడే ఇంగ్లీషును కొలిచేది అక్కడే. అర్థం కాకపోయినా మర్యాదకి 'యస్' అనేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ ఫారాన్ని ఇంట్లో గట్టిగా చదివించి, ఒక్కో మాటకీ అర్థం చెప్పించండి. యాభై దాటి గ్రీన్ కార్డుతో ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నవాళ్లకూ, 55 దాటి పదిహేనేళ్లు ఉన్నవాళ్లకూ ఇంగ్లీషు షరతు లేదు. చరిత్ర ప్రశ్నలకు తమ భాషలోనే జవాబు చెప్పొచ్చు.

అన్నట్టు, భారత పౌరసత్వం కోరే విదేశీయులకూ భాష షరతు ఉంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏదో ఒక భాష తగినంత వచ్చి ఉండాలని 1955 పౌరసత్వ చట్టం అంటుంది. అంటే తెలుగు వస్తే చాలు. ఇంగ్లీషు ఆ జాబితాలో లేదు, కాబట్టి అదొక్కటే వస్తే చాలదు! వినగానే నవ్వొస్తుంది గానీ రూలు అదే.

ఈ మధ్య మెట్లు పైకి జరుగుతున్నాయి. ఫ్రాన్స్ 2026 జనవరి నుంచి బీ1 బదులు బీ2 అడుగుతోంది. బీ2 అంటే వాదించగలగాలి, పొడుగాటి వ్యాసం చదివి జీర్ణించుకోగలగాలి. ఆఫీసులో పనిచేసేవాడికి అది రెండు మూడేళ్ల శ్రమ. రాత్రి షిఫ్టులో ఆఫీసులు తుడిచేవాడు క్లాసుకి ఎప్పుడు వెళ్లాలి? నా మటుకు నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. జర్మనీ ఇంకో తమాషా చేసింది. 2024 జూన్‌లో ఎనిమిదేళ్ల నివాసాన్ని ఐదేళ్లకు తగ్గించి, భాషలో సీ1 తెచ్చుకుని బాగా కలిసిపోయినవాళ్లకు మూడేళ్లే అంది. సరిగ్గా పదహారు నెలలకు, 2025 అక్టోబర్‌లో, ఆ మూడేళ్ల దారి మూసేసింది. దాన్ని నమ్ముకుని నిద్ర మానుకుని సీ1 చదివినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అర్హత వచ్చిన వారమే దరఖాస్తు పెట్టేయండని నేను పోరేది ఇందుకే.

చివరగా బ్రిటన్. అక్కడ ఐదేళ్లలో 450 రోజులు, ఆఖరి ఏడాదిలో 90 రోజులు మించి బయట ఉండకూడదు. దాని వెనక చిన్న రూలొకటి దాక్కుని ఉంటుంది. మీ దరఖాస్తు వాళ్లకు అందిన తేదీకి సరిగ్గా ఐదేళ్ల కిందటి రోజున మీరు ఆ దేశంలో ఉండి తీరాలి. ఆ ఒక్క రోజూ ఎక్కడో సెలవుల్లో ఉన్నారంటే మిగతావన్నీ ఉన్నా ఇబ్బందే. అక్కడి నుంచి దరఖాస్తు పెట్టబోతున్నవాళ్లు ఫోన్ తీసి ఐదేళ్ల వెనక్కి జరపండి. ఆ వారం ఫొటోలు చూడండి. వెనకాల సముద్రం కనిపించి, అది ఆ దేశం సముద్రం కాదనుకోండి, దరఖాస్తు ఒక పది రోజులు ఆపి పంపండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.