కౌంటర్ ఎక్కడ ఆగింది? హైకోర్టులో ఏజీ ఆఫీసు పని

హోస్ట్: నమస్కారం. ప్రభుత్వం మీద హైకోర్టులో రిట్ వేసినవాళ్లు తరచూ అడిగే మాటతోనే మొదలుపెడదాం మేడమ్. అడ్వకేట్ జనరల్ (ఏజీ) అంటే రాష్ట్రానికే పెద్ద లాయరు కదా, ఆయనకి అర్జీ పెట్టుకుంటే మా తరఫున మాట్లాడతారా అంటారు.

అడ్వకేట్: మాట్లాడరండీ. ఆయన రాష్ట్ర ప్రభుత్వానికి లాయరు. మీరు రిట్ వేశారంటే అవతలి పక్షం ఆయనదే. రాజ్యాంగం 165వ అధికరణ కింద గవర్నరు నియమిస్తారు. హైకోర్టు జడ్జి కావడానికి ఉండాల్సిన అర్హతే ఈ పదవికీ ఉండాలి, లాయరైతే హైకోర్టులో 10 ఏళ్ల ప్రాక్టీసు. ఇన్నేళ్లని పదవీకాలం లేదు. ఆచరణలో ప్రభుత్వం మారితే ఏజీ కూడా మారతారు. 177వ అధికరణ ప్రకారం శాసనసభలో మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు.

హోస్ట్: అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి స్టేట్ అటార్నీ జనరల్‌తో పోల్చి అడుగుతుంటారు.

అడ్వకేట్: అక్కడ 43 రాష్ట్రాల్లో జనమే ఓటేసి ఎన్నుకుంటారు. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకుని కంపెనీల మీద కేసులు వేస్తారు. మన దగ్గర ఏజీ పని అది కాదు. మామూలు మనిషి ఏజీ గడప తొక్కాల్సిన ముఖ్యమైన సందర్భం క్రిమినల్ కంటెంప్ట్, అంటే కోర్టు ధిక్కారం. బయటివాళ్లు ఆ పిటిషన్ వేయాలంటే 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 15వ సెక్షన్ కింద ఏజీ రాతపూర్వక సమ్మతి కావాలి.

హోస్ట్: మరి రోజూ కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడేది ఎవరు?

అడ్వకేట్: ఏజీ కింద అడిషనల్ ఏజీలు, స్పెషల్ గవర్నమెంట్ ప్లీడర్లు, గవర్నమెంట్ ప్లీడర్లు (జీపీలు) ఉంటారు. జీపీలకి పని శాఖలవారీగా పంచుతారు. రెవెన్యూకి ఒకరు, హోంకి ఒకరు, ఉద్యోగుల సర్వీసు కేసులకి, భూసేకరణకి, మున్సిపల్‌కి వేరే వేరేగా. ఒక్కొక్కరి దగ్గర కొందరు అసిస్టెంట్ జీపీలు (ఏజీపీలు). నేలపాడులోని ఏపీ హైకోర్టులోనూ ఇదే పద్ధతి, హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టులోనూ ఇదే. క్రిమినల్ కేసులకి పబ్లిక్ ప్రాసిక్యూటర్ వేరు. బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 18వ సెక్షన్ కింద హైకోర్టుని సంప్రదించి ఆయన్ని నియమిస్తారు.

హోస్ట్: ఇక్కడే చాలామంది కాపీ సర్వ్ చేయడంలో పొరపాటు చేస్తారు.

అడ్వకేట్: అవును. టీటీడీ, ఆర్టీసీ, డిస్కంలు, యూనివర్సిటీల తరఫున వాదించేది జీపీ కాదు. వాటికి సొంత స్టాండింగ్ కౌన్సిల్, అంటే ఆ సంస్థ పెట్టుకున్న లాయరు, ఉంటారు. పిటిషన్ కాపీ జీపీ ఆఫీసులో ఇచ్చి స్టాంపు వేయించుకుని వచ్చేస్తే, కేసు పిలిచిన రోజు అవతలి వైపు పలికేవాళ్లే ఉండరు. ఆ వాయిదా పోయినట్టే.

హోస్ట్: సరే, కాపీ చేరాల్సిన చోటికే చేరింది. ‘కౌంటర్‌కి టైం కావాలి’, అంటే పిటిషన్‌కి జవాబు అఫిడవిట్ వేయడానికి గడువు కావాలి అని వాయిదాల మీద వాయిదాలు ఎందుకు అడుగుతారు?

అడ్వకేట్: దీని గురించి నిదానంగా చెప్పాలి. ఒక భూమి కేసే తీసుకుందాం. సర్వే నంబరుని 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) పెట్టారని రైతు రిట్ వేశాడు. పిటిషన్‌లో 14 పేరాలున్నాయి. సెక్రటరీ, కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దార్ అందరూ ప్రతివాదులే. జీపీ ఆఫీసు నుంచి పేరావైజ్ రిమార్క్స్ పంపమని శాఖకి లేఖ వెళ్తుంది. అంటే ప్రతి పేరాకీ విడివిడిగా జవాబు, దాని వెనక రికార్డు. సెక్రటరీ ఆఫీసు కలెక్టర్‌కి పంపుతుంది, కలెక్టరేట్ ఆర్డీవోకి, ఆర్డీవో తహసీల్దార్‌కి. ఆ మెట్లు దిగేసరికే మొదటి వాయిదా అయిపోతుంది.

హోస్ట్: తహసీల్దార్ దగ్గర్నుంచి వచ్చినదాంట్లో ఏముంటుంది?

అడ్వకేట్: చాలాసార్లు ‘పేరా 7 వాస్తవం కాదు’ అని ఒకే ఒక్క ముక్క. ఆ పేరా 7లో రైతు ఏమన్నాడు? తన తాత పేరు పాత అడంగల్లో (ఊరి సాగు రికార్డు) ఉందన్నాడు. కాదనాలంటే ఆ సంవత్సరం అడంగల్ నకలు జతచేయాలి. రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్)లో ఆ నంబరు ఎదురుగా పేరుందా, పేరు బదులు చుక్కలున్నాయా, ప్రభుత్వ భూమి అనుందా చూపించాలి. రికార్డు లేకుండా ఏజీపీ ఏం రాస్తారు? తిరిగి లేఖ పంపాలి. ఏదో ఒకటి రాసి దాఖలు చేస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే స్పష్టంగా కాదనని సంగతిని కోర్టు ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చు.

హోస్ట్: డ్రాఫ్ట్ తయారయ్యాక కూడా ఆగిపోతుంటుంది.

అడ్వకేట్: అఫిడవిట్ మీద అధికారి స్వయంగా సంతకం పెట్టి అటెస్ట్ చేయించాలి కదా. ఈలోపు తహసీల్దార్‌కి బదిలీ అవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఫైలు చదివిగానీ పెట్టనంటారు, అనడం న్యాయమే. కానీ ఆ చదివే పని ఎవరికీ గడువు పెట్టి అప్పగించరు. లీగల్ వ్యవహారాలకి కలెక్టరేట్‌లో ఒక్క మనిషిని నిలకడగా ఉంచి, వాయిదా తేదీల రిజిస్టరు రోజూ చూసేలా చేస్తే ఈ ఆలస్యం చాలావరకు తగ్గుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

హోస్ట్: కౌంటర్ పడకపోతే ప్రభుత్వానికి నష్టమేంటి?

అడ్వకేట్: మధ్యంతర ఉత్తర్వు అలాగే నడుస్తుంది. తమ మాట వినకుండానే స్టే ఇచ్చారనుకోండి, 226(3) అధికరణ కింద ఆ స్టే ఎత్తేయమని వెకేట్ పిటిషన్ వేయొచ్చు. దాన్ని 2 వారాల్లో తేల్చాలని రాజ్యాంగమే చెప్తోంది. అయితే ఆ పిటిషన్‌కీ కౌంటరే ఆధారం. అది లేక ఆ దారీ మూసుకుపోతుంది.

హోస్ట్: కేసు ఓడిపోయాక?

అడ్వకేట్: సింగిల్ జడ్జి తీర్పు మీద రిట్ అప్పీలుకి 30 రోజులు. ఆ తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్లాలంటే 90 రోజులు. అప్పీలు వేయాలా వద్దా అని జీపీ అభిప్రాయం రాస్తారు, శాఖ చూస్తుంది, లా డిపార్ట్‌మెంట్ చూస్తుంది. ఆ ఫైలు తిరిగేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. 2012లో పోస్ట్‌మాస్టర్ జనరల్ కేసులో 427 రోజుల ఆలస్యాన్ని సుప్రీంకోర్టు మన్నించలేదు. ఫైలు టేబుళ్లు మారిందన్న సాకు ఇక చెల్లదు, గడువు చట్టం ప్రభుత్వానికీ ఒకటేనంది.

హోస్ట్: అప్పీలు వేశాం కాబట్టి తీర్పు అమలు చేయం అంటుంటారు కదా?

అడ్వకేట్: అప్పీలు వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు. స్టే తెచ్చుకోకుండా కూర్చుంటే కంటెంప్ట్‌కి గురవుతారు. అధికారులు ఒంటి మీదికి వచ్చాక హడావిడి పడేది ఇక్కడే. అధికారులను కోర్టుకి పిలవడం మీద 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. అవసరమైతే ముందు వీడియో ద్వారా హాజరవమనాలి, ప్రతిదానికీ స్వయంగా రప్పించకూడదు. దాన్ని చూసి అమలు మానేయొచ్చనుకుంటే మాత్రం పొరపాటే.

హోస్ట్: గెలిచిన రైతు వైపు నుంచి చూస్తే, కంటెంప్ట్ వేయడానికి ఎంత గడువుంది?

అడ్వకేట్: ధిక్కారం జరిగిన నాటి నుంచి ఏడాది, అదే ధిక్కార చట్టం 20వ సెక్షన్. ‘ఉత్తర్వు కాపీ అందిన 4 వారాల్లో అమలు చేయాలి’ అని తీర్పులో ఉంటే, కాపీ ఏ రోజు అందిందో మీరే చూపించాలి. అందుకే సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే కవరింగ్ లెటర్ పెట్టి కలెక్టర్‌కి, ఆర్డీవోకి, తహసీల్దార్‌కి విడివిడిగా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తపాలా సెక్షన్‌లో స్వయంగా ఇస్తే మీ దగ్గరున్న నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాగితమే కంటెంప్ట్ పిటిషన్‌కి మొదటి జత.