మందుల సంచి ఒకసారి బోర్లించండి

ఇంత ఎండలో వచ్చిన పెద్దలకు, అవ్వలకు నమస్కారం. అనంతపురంలో ఏండ్ల తరబడి మందుల షాపు నడిపిన ఫార్మసిస్టుగా మీ ముందు నిలబడ్డాను. నన్ను అన్నిటికన్నా దిగులు పెట్టే విషయం ఒకటుంది: ఒకే మందు రెండు మూడు పేర్లతో ఒంట్లోకి పోవడం.

పెద్దాసుపత్రిలో బీపీకి ఆమ్లోడిపిన్ ఇస్తారు. మోకాళ్ల నొప్పికని ఇంకో డాక్టరు దగ్గరికి పోతే, ఆయన బీపీ చూసి ‘స్టామ్లో’ అనే మాత్ర రాస్తారు. కొడుకు బెంగళూరులో చూపిస్తే అక్కడ ఆమ్లాంగ్. మూడూ ఆమ్లోడిపినే! రంగు వేరు, స్ట్రిప్పు వేరు కాబట్టి అవ్వ మూడూ మింగుతుంది. పాదాలు వాస్తాయి. పొద్దున మంచం దిగుతూనే కండ్లు తిరిగి పడుతుంది. తుంటి విరిగినాక మనం వయసును తిట్టుకుంటాం, మాత్రల వైపు చూడం.

పారాసిటమాల్‌దీ ఇదే కథ. డోలోలో ఉండేది అదే. చాలా జలుబు మాత్రల్లో, ఒళ్లునొప్పుల మాత్రల్లో కూడా అది కలిసి ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయం దెబ్బతింటుంది. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములు. తాగే అలవాటున్నవాళ్లకు అంతకన్నా తక్కువకే ముప్పు.

అందుకే స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరుతో ఆగొద్దండీ. అసలు మందు పేరు కూడా అక్కడే ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే బడికి పోయే మనవరాలితో చదివించండి. ఆ పేర్లన్నీ, ఏది ఏ పూటో, ఒకే కాగితం మీద రాయించి ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు అదే చూపించండి. స్ట్రిప్పు కత్తిరించి ఇస్తుంటే పేరు, గడువు తేదీ ఉన్న ముక్కే అడగండి.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లుంటే ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. అది వారానికి ఒక్కరోజు మందు. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో పెన్నుతో ఆ స్ట్రిప్పు మీదే రాసుకోండి.

ఇక ఇన్సులిన్. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల ఇంట్లో వేడి ఇంకా ఎక్కువ. తెరవని సీసాలు ఫ్రిజ్ తలుపులో పెట్టండి. ఐసు కట్టే చోట వద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, ఇన్సులిన్‌ను నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో దించి, నీడన ఉంచండి. ఇసుక ఆరనివ్వొద్దు. వాడకం మొదలుపెట్టిన తేదీ సీసా మీద రాయండి. మామూలుగా నాలుగు వారాలు, ఆ తర్వాత మందు మిగిలినా కొత్తది తీయాల్సిందే.

ఒక పూట మర్చిపోయారని మరుసటి పూట రెండు వేసుకోవద్దు. రెండు మందులు ఒకటేనని తెలిసినా మీ అంతట మీరు మానొద్దు, ముందు డాక్టరుకు చూపించండి.

మందులు వెంట తెచ్చుకోమని చెప్పాం కదా. ఆ బల్ల దగ్గరికి సంచులతో రండి, ఒక్కొక్కరివీ విప్పి చూద్దాం.