తక్కువ ధర దేని లెక్కన తక్కువ?

సభాధ్యక్షులకు, కార్పొరేటర్లకు, ఇంజినీర్లకు, వార్డుల నుంచి వచ్చిన పెద్దలకు నమస్కారం.

ఇంటికి బియ్యం కొనేటప్పుడు మనం బస్తా ధర ఒక్కటే అడిగి ఊరుకోం; పాతవో కొత్తవో కనుక్కుంటాం, నూక ఎంతుందో చూస్తాం, అన్నం ఎంత ఒదుగుతుందో లెక్క వేసుకుంటాం. నగరానికి కొనేటప్పుడు కూడా అదే లెక్క వేయాలన్నది నా మనవి.

బ్లీచింగ్ పౌడర్ సంగతే తీసుకోండి. మనం కొనేది పొడిని, మనకు పనికొచ్చేది అందులోని క్లోరిన్. 25 కిలోల బస్తా ఒకరు 1,000 రూపాయలకు, మరొకరు 800 రూపాయలకు ఇస్తామన్నారనుకుందాం. మొదటి దానిలో క్లోరిన్ 30 శాతం, రెండో దానిలో 20 శాతం ఉంటే, కిలో క్లోరిన్ మొదటి బస్తాలో 133 రూపాయలకు, రెండో బస్తాలో 160 రూపాయలకు పడుతుంది. బస్తా ధరను బట్టి చూస్తే రెండో వారే ఎల్‌-1, అంటే టెండరులో అందరికంటే తక్కువ ధర వేసి పని దక్కించుకునేవారు. పైగా వేడికీ చెమ్మకూ ఈ పొడిలో క్లోరిన్ తరిగిపోతుంది కాబట్టి, మన విశాఖ ఉక్కపోతలో గోదాములో నెలల తరబడి ఉన్న సరుకును కాలువల్లో చల్లితే, తెల్లగా కనిపించడమే తప్ప క్రిములు చావవు.

ఇందులో తప్పు ఎల్‌-1 పద్ధతిది కాదని నేను గట్టిగా నమ్ముతాను. కనీస క్లోరిన్ శాతం, తయారైన తేదీ, సరుకు దిగిన రోజున చేయవలసిన పరీక్ష టెండరు షరతుల్లో ముందే రాసి ఉంటే, ఆ రెండో బస్తా ధరల కవరు తెరిచే దశకే వచ్చేది కాదు.

బీచ్ రోడ్డు వెంబడి నిలబెట్టే స్తంభాలకూ, వాటి బోల్టులకూ ఇదే వర్తిస్తుంది. ఉప్పుగాలి తగిలే చోట జింకు పూత మందం రాయకుండా ధర అడగడమంటే తుప్పును పిలిచి కూర్చోబెట్టడమే. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను తరువాత నగరంలో ఎల్‌ఈడీ వీధి దీపాలు పెట్టినప్పుడు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఎనర్జీ ఎఫిషియన్సీ సర్వీసెస్ లిమిటెడ్ ముందు తానే పెట్టుబడి పెట్టి, కరెంటు బిల్లులో మిగిలిన సొమ్ములోంచి ఆ ఖర్చును రాబట్టుకునే పద్ధతి అనుసరించారు. దీపం వెల కంటే అది వెలిగినన్నాళ్లూ అయ్యే ఖర్చు ముఖ్యమని ఒప్పుకున్న పద్ధతి అది.

అంచనా మీద 30 శాతం ‘లెస్’ వేసిన, అంటే అంత తక్కువకే పని చేస్తానన్న గుత్తేదారును చూసి మనం సంతోషిస్తాం. అంచనా సరిగ్గా వేసినదే అయితే ఆ 30 శాతం తారులోంచి పోతుందా, సిమెంటులోంచి పోతుందా అని అప్పుడే, రాతపూర్వకంగా అడగాలి.

టెండర్లలో ధరతో పాటు నాణ్యతకూ మార్కులు వేయడం మంచిదే. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన సూచనల్లో, నాణ్యత ప్రధానమని ముందుగా ప్రకటించిన పనులకు దీన్ని అనుమతిస్తూనే, ధరేతర అంశాల వాటాను 30 శాతానికి పరిమితం చేసింది. ఆ జాగ్రత్త అవసరం. కొలవలేని మార్కులు అయినవాళ్లకు పని కట్టబెట్టడానికి దారి తీస్తాయి.

నేను ముఖ్యంగా కోరేది సరుకు దిగిన రోజు గురించి. నమూనాను సరఫరాదారు ఎంచి ఇవ్వకూడదు. ఇంజినీరు కుప్పలోంచి తానే తీసి, సీలు వేసి, పరీక్షకు పంపాలి. ఆ నివేదిక జతపడనిదే బిల్లు కదలకూడదు, దాని నకలు వార్డు సచివాలయం గోడ మీద అందరికీ కనిపించాలి.