గిట్‌ల్యాబ్ అప్‌గ్రేడ్: ఒక్క దూకులో కుదరదు

సొంత సర్వర్ మీద గిట్‌ల్యాబ్ (టీమ్ కోడ్ దాచుకుని, కలిసి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. అందులో ఇంకా 15.11 వెర్షన్ దగ్గరే ఉండిపోయినవాళ్లూ ఉన్నారని ఇందాక టీ దగ్గర మాటల్లో తెలిసింది. "నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం" అంటారు. రాత్రిపూట ఫోన్లు వచ్చేది మనకే కాబట్టి ఆ భయం నాకూ తెలుసు. కానీ 2021 గుర్తుందా? ఫొటో అప్‌లోడ్ దారిలో, లాగిన్ కూడా లేకుండా, సర్వర్ మీద కమాండ్లు నడిపించగలిగే లోపం బయటపడింది. ఏప్రిల్‌లోనే 13.10.3 వెర్షన్‌తో సరిచేశారు, అయినా ఆ ఏడాది నవంబరు నాటికి కూడా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న వేల సర్వర్లు ఆ ప్యాచ్ (సవరణ) లేకుండానే ఉన్నాయి. వాటి అడ్మిన్లు కూడా నడుస్తోంది కదా అనే అనుకుని ఉంటారు.

సరే, 15.11 నుంచి 17కి వెళ్లాలి. ఇది ప్యాసింజర్ బండి అనుకోండి. 16.3, 16.7, 16.11, తర్వాత 17.3, వీటిలో ఆగి తీరాలి. మీ డేటాను బట్టి 16.0, 16.1, 16.2లో కూడా ఆగాల్సి రావచ్చు, ఆ నోట్సు చదవకుండా మొదలుపెట్టొద్దు. 17.5 నుంచి లెక్క తేలికే: చుక్క తర్వాత 2, 5, 8, 11 వచ్చే వెర్షన్లలో ఆగాలి.

ఆగడమంటే లాగిన్ పేజీ రాగానే తర్వాతి ప్యాకేజీ ఎక్కించడం కాదు, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అప్‌గ్రేడ్ అయిపోయిందనుకున్నాక కూడా పాత డేటాను కొత్త రూపంలోకి మార్చే మైగ్రేషన్లు వెనకాల బ్యాచ్‌లుగా నడుస్తూనే ఉంటాయి, పెద్ద డేటాబేసైతే రోజులు కూడా పట్టొచ్చు. అడ్మిన్ ఏరియాలో మానిటరింగ్ కింద చూడండి, అన్నీ పూర్తయ్యేదాకా కదలకండి, మేనేజర్ గారు ఎంత తొందరపెట్టినా సరే. ఇంకోటి, 17కి కనీసం పోస్ట్‌గ్రెస్ 14 కావాలి, గిట్‌ల్యాబ్ వాడే డేటాబేసు సాఫ్ట్‌వేర్ అదే. దాన్ని అప్‌గ్రేడ్ చేయడానికి డేటాబేసు ఇంకో కాపీ పట్టేంత డిస్కు ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి.

బ్యాకప్ అందరూ తీస్తారు. కానీ గిట్‌ల్యాబ్ బ్యాకప్ కమాండు సీక్రెట్స్ ఫైలునీ (ఎన్‌క్రిప్షన్ తాళాలు ఉండేది ఇందులోనే) కాన్ఫిగ్ ఫైలునీ కలపదు, వాటిని విడిగా దాచాలి. సీక్రెట్స్ పోతే సీఐ వేరియబుల్స్ (ఆటోమేటిక్ బిల్డ్, టెస్టులు వాడుకునే పాస్‌వర్డుల్లాంటివి), రెండంచెల లాగిన్ గల్లంతే. పైగా ఏ వెర్షన్‌లో తీశారో సరిగ్గా అదే వెర్షన్‌లోకే రిస్టోర్ అవుతుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ వాళ్ల సొంత సైటులోనే అసలు డేటాబేసు చెరిగిపోయింది. చూస్తే డంపులే (డేటాబేసు బ్యాకప్ కాపీలే) లేవు! డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 9.6, డంపు తీసే ప్రోగ్రాము 9.2, రోజూ ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా చేరలేదు. అదృష్టంకొద్దీ ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (డిస్కు నకలు) ఒకటి దొరికింది.

అందుకే ముందు వేరే మెషీన్‌లో రిస్టోర్ చేసి, ఈ ప్రయాణమంతా అక్కడ ఒకసారి చేయండి, ఏ స్టేషన్‌లో ఎంతసేపు పట్టిందో రాసుకోండి. కాకపోతే ఆ మెషీన్‌కి బయటి నెట్‌వర్కు తీసేసి మరీ స్టార్ట్ చేయండి. లేదంటే అది కూడా అసలు సర్వర్‌లాగే అందరికీ మెయిళ్లు పంపుతుంది, షెడ్యూలు పెట్టిన పైప్‌లైన్లు (ఆటోమేటిక్ బిల్డ్ పనులు), వెబ్‌హుక్‌లు (వేరే సర్వర్లకు వెళ్లే సందేశాలు) కూడా కదలడం మొదలుపెడతాయి.