పాట అందరికీ తెలుసు, పాడిందెవరు?

శ్రోతలందరికీ నమస్కారమండీ. 2021 ఆగస్టు గుర్తుందా? మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లి బరాత్‌లో పెళ్లికూతురు పెళ్లికొడుకు ముందు డాన్స్ చేసింది, ఆ వీడియో రాని ఫోన్ లేదప్పుడు, మా పక్కింటావిడ ఒక్కతే నాకు మూడుసార్లు పంపింది. పాటేమో బుల్లెట్టు బండి. అదేం అప్పటికప్పుడు వచ్చింది కాదు, ఏప్రిల్‌లోనే యూట్యూబ్‌లో ఉంది. పాడిన మోహన భోగరాజు గారూ కొత్తవారు కాదు, 2015లోనే బాహుబలిలో మనోహరి పాడారు. అయినా ఆవిడ పేరు మా ఇంట్లో వినపడింది మాత్రం ఆ బరాత్ తర్వాతే.

ఆ అమ్మాయి తన సంబరం కొద్దీ ఆడింది. ఇప్పుడు ఆ సంబరాన్నే ముందుగా ప్లాన్ చేస్తున్నారు. పాట తయారయ్యేటప్పుడే ఇందులో రీల్‌కి పనికొచ్చే ముక్క ఏది, పదిహేను ఇరవై సెకన్లు, దానికో హుక్ స్టెప్పు, అంటే చూడగానే పట్టేసే డాన్స్ స్టెప్పు, అని చూసుకుంటారు, రిలీజ్ అవగానే ఇన్‌ఫ్లుయెన్సర్లకి లింక్ పంపి రీల్‌కి ఇంత అని మాట్లాడుకుంటారు, ఫాలోవర్లని బట్టి రేటు. డబ్బు తీసుకుని పదిమంది చేస్తే అది చూసి వందమంది ఊరికే చేస్తారు, అసలు లెక్కంతా ఆ ఊరికే చేసేవాళ్ల కోసమే.

వ్యూస్ సంగతి ఇంకా తమాషా. 2019 జులైలో హిందీ ర్యాపర్ బాద్‌షా పాడిన పాగల్ పాటకి 24 గంటల్లో ఏడున్నర కోట్ల వ్యూస్, ప్రపంచ రికార్డు అన్నారు. తీరా చూస్తే యాడ్‌గా వేయించిన వ్యూస్ కూడా అందులో ఉన్నాయి. అప్పటికి అది చాలామంది చేసే పనే లెండి. కానీ యూట్యూబ్ ఆ రికార్డుని ఒప్పుకోలేదు, సెప్టెంబరులో ఏకంగా రూలే మార్చేసి, డబ్బు కట్టి తెచ్చుకున్న వ్యూస్ 24 గంటల రికార్డుకీ మ్యూజిక్ చార్టులకీ లెక్కలోకి రావు పొమ్మంది.

అలాగని మేలు లేదని కాదు. మంగ్లీ గారు టీవీలో, యూట్యూబ్‌లో పండగ పాటలతో పేరు తెచ్చుకుని, 2019లో రాములో రాములా పాడేదాకా వెళ్లారు. ఒకప్పుడైతే ఏ మ్యూజిక్ డైరెక్టర్ ఇంటి గేటు దగ్గరో నిలబడాలి కదా.

నా బాధల్లా ఒకటే. మన రేడియోలో కోరిన పాటలు వేసేటప్పుడు కార్డు రాసినవాళ్ల పేర్లు చదివి, రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా అని చెప్పాకే పాట వేసేవాళ్లు, వినీ వినీ చదువురాని మా అమ్మమ్మకి కూడా పాట రాసినాయన పేరు తెలిసేది. రీల్ కింద చూడండి, చాలాసార్లు ఒరిజినల్ ఆడియో అని ఉంటుంది, పక్కన అప్‌లోడ్ చేసినవాళ్ల పేరు. రాసినాయన ఏమయ్యాడో, డప్పు కొట్టినాయన ఏమయ్యాడో.

సరే, ఇప్పుడు వేయబోయే పాట గురించి పాత పద్ధతిలోనే చెప్తాను. బుల్లెట్టు బండి. రచన లక్ష్మణ్, సంగీతం ఎస్.కె. బాజీ, పాడినవారు మోహన భోగరాజు.