రేడియేషన్ అయిపోయింది కదా, ఇంకెందుకు ఆసుపత్రికి?

పిల్లోడికి మెడలోనో, ముక్కు వెనకో క్యాన్సర్ అని తేలగానే ఇంటికొచ్చిన చుట్టాలు అడిగే మొదటి మాట: "మీ ఇంట్లో బీడీ ఎవరు తాగతారు?" ఆ మాటకు తలొంచుకుని కూర్చునే నాన్నల్ని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. పెద్దోళ్ళ నోటి, గొంతు క్యాన్సర్లు చాలావరకు పొగాకు, గుట్కాల వల్ల వచ్చేవి. పిల్లలకు అదే చోట వచ్చేవి అసలు వేరే జబ్బులు. మెడ గడ్డల్లో లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్), కంటి గూట్లోనో ముక్కు లోపలో రాబ్డోమయోసార్కోమా (కండగా మారాల్సిన కణాల్లో పుట్టే క్యాన్సర్), ఇంకా ముక్కు వెనక భాగంలో వచ్చేది, థైరాయిడ్‌లో వచ్చేది. ఇవి అమ్మానాన్నల తప్పు కాదు. ఆ మాట ఇంతటితో వదిలేద్దాం.

నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది రెండో అపోహ గురించి. "కీమో అయిపోయింది, కరెంటు పెట్టడం (రేడియేషన్) అయిపోయింది, స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఇంక ఆసుపత్రికి ఎందుకు?"

మనది చిత్తూరు, మామిడి జిల్లా కాబట్టి మామిడితోనే చెప్తా. ముప్పై ఏళ్ళ తోతాపురి చెట్టుకు కాండం తొలిచే పురుగు పట్టింది. మందు పోశారు, పురుగు చచ్చింది. చెట్టు పెరగాల్సింది ఎప్పుడో పెరిగేసింది, ఆకారం మారదు. అదే పురుగు రెండేళ్ళ అంటుమొక్కకు పట్టిందనుకోండి. మందు పోస్తేనే బతుకుతుంది, పోయాల్సిందే. కానీ ఆ ఘాటుకు ఒక పక్క చిగుళ్ళు దెబ్బతింటాయి. ఆ ఏడాది చూస్తే మొక్క బాగానే ఉంటుంది. ఏడెనిమిదేళ్ళకు ఒక పక్క గుబురుగా, ఇంకో పక్క పలచగా కనిపిస్తుంది.

బిడ్డ ముఖం కూడా అంతే. కంటి గూట్లో వచ్చే రాబ్డోమయోసార్కోమానే తీసుకోండి. ఒకప్పుడు కన్ను తీసేసేవాళ్ళు. ఇప్పుడు విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు నెలల తరబడి ఇస్తారు, దాంతోపాటు సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, అయిదు వారాల పైచిలుకు రేడియేషన్. మొత్తం 45 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత), కొందరికి 50 దాకా. జబ్బు వేరే చోటికి పాకకముందే పట్టుకుంటే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతారు, చాలామందికి కన్ను కూడా మిగులుతుంది. ఇది చిన్న విషయం కాదు! కానీ రేడియేషన్ తగిలిన ఎముక రెండో వైపు ఎముకతో సమానంగా పెరగదు. నాలుగేళ్ళప్పుడు తెలీదు, పద్నాలుగేళ్ళకు అద్దంలో తెలుస్తుంది. ఆ కంట్లో శుక్లం కూడా రావచ్చు. మొక్క ఎంత లేతదైతే తేడా అంత ఎక్కువ.

మామిడి రైతు పురుగు చచ్చిందని తోట వైపు పోవడం మానేస్తాడా? ఏటా కొమ్మ కొమ్మా చూసుకుంటాడు. మనం కూడా బిడ్డను అట్లా చూసుకోవాలి. ఏం చూడాలంటే, ముందు థైరాయిడ్. మెడకు రేడియేషన్ పడిన పిల్లల్లో చాలామందికి కొన్నేళ్ళ తర్వాత థైరాయిడ్ మందగిస్తుంది. పాప నీరసంగా ఉంటోంది, ఎత్తు పెరగడం ఆగింది, ఒళ్ళు వస్తోంది అంటే "ఆ మందుల వేడి ఇంకా పోలేదు" అని మజ్జిగ తాగిస్తారు. ఏడాదికోసారి థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తే బయటపడుతుంది, రోజుకో మాత్రతో సరిపోతుంది. మెడలో కొత్త గడ్డ ఏమైనా ఉందా అని డాక్టరు చేత్తో తడిమి చూడటం కూడా ప్రతి ఏడాదీ జరగాలి. రేడియేషన్ పడిన చోట ఏళ్ళ తర్వాత వేరే క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి రేడియేషన్ తగిలితే ఎదుగుదల హార్మోన్ తగ్గవచ్చు, అందుకే ఎత్తు కొలిచి రాసిపెట్టాలి.

తర్వాత చెవులు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించిన పిల్లలకు సన్నటి శబ్దాలు ముందు పోతాయి, స, ష లాంటివి. పోయినవి తిరిగి రావు. బిడ్డ పిలిస్తే పలుకుతుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. బడిలో మాత్రం "ధ్యాస లేదు" అని తిట్లు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. దయచేసి వినికిడి పరీక్ష చేయించండి, బడిలో చెప్పి ముందు బెంచీలో కూర్చోబెట్టించండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. పళ్ళు: రేడియేషన్‌కు ముందే పళ్ళ డాక్టరుకు చూపించాలి. తర్వాత ఎప్పుడైనా పన్ను తీయించాల్సి వస్తే, ఆ దవడకు రేడియేషన్ పడిందని ముందే చెప్పాలి, లేకపోతే లోపలి ఎముక మానకుండా పుండవ్వచ్చు. దవడ: బిడ్డ మూడు వేళ్ళు నిలువుగా తన నోట్లో పట్టాలి. పట్టకపోతే వ్యాయామాలున్నాయి, ఫిజియోథెరపిస్టును అడగండి. నోరు ఎండిపోతుంటే నీళ్ళ సీసా పక్కనే ఉండాలి.

ఆఖరుగా కాగితాలు. చిత్తూరు, పలమనేరు వాళ్ళు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతారు. తిరుపతి వాళ్ళకు స్విమ్స్ ఆసుపత్రి ఉంది, టాటా ట్రస్టుల చేయూతతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కొందరు చెన్నైకి పోతారు. పదేళ్ళ తర్వాత ఆ పిల్లోడు చదువుకో, ఉద్యోగానికో ఇంకే ఊళ్ళోనో ఉంటాడు. అక్కడి డాక్టరుకు ఏ మందు మొత్తం ఎంత ఎక్కించారు, ఎక్కడ ఎన్ని గ్రేలు పెట్టారు అనేది తెలియాలి. చికిత్స ముగిసిన రోజే ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఒక జిరాక్సు బిడ్డ సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టండి.